బోర్డర్‌లెస్‌కు సాక్షి కావాలి

మదనపల్లె
9-1-2002

నిఘంటుకర్త ఓబులప్ప గారికి,

మీరు దొంగ. ఇంగ్లీషు భాషలోంచి ఒక మాటను కాజేసి దాచిపెట్టారు.

‘మహారాజశ్రీ’ అని మొదలుపెట్టనందుకు ఏమీ అనుకోకండి. రాజుల మీద నాకు గౌరవం లేదు. పోయిన ఆదివారం నుంచి మీ మీద కూడా లేదు. నేను ‘సూటిమాట’ మాసపత్రిక సంపాదకుణ్ణి. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. ఇరవై ఏళ్లుగా ఈ సమాజాన్ని ప్రశ్నిస్తున్నాను. ఆదివారం పుంగనూరులో ప్రపంచ మార్కెట్టు గురించి మాట్లాడాను. “కంపెనీలకు సరిహద్దులు లేవు, మనుషులకు మాత్రం అడుగడుగునా ఉన్నాయి! మనకు కావలసింది బోర్డర్‌లెస్ మార్కెట్టు కాదు, బోర్డర్‌లెస్ మనిషి!” అన్నాను. చప్పట్లు ఆగలేదు.

ఆగాక, ముందు వరసలో నేల మీద కూర్చున్న ఒక ముసలామె లేచింది. చింతపండు అమ్ముకునే కుప్పమ్మ అని తర్వాత చెప్పారు.

“బోర్డర్‌లెస్ అంటే ఏందప్పా?”

“సరిహద్దులు లేనిదమ్మా.”

“అది సరే. ఎట్లుంటాది? ఎవురింట్లో ఉండాది? సూపించు, పోయి సూసొస్తా.”

అయ్యా, అయిదు వందల మంది నవ్వారు. నాతో కలిసి నవ్వలేదు, నన్ను చూసి నవ్వారు. మేడే సభలో దీనికి జవాబు చెబుతానని మాటిచ్చి బయటపడ్డాను. ఇంటికొచ్చి మీ ‘చేతి నిఘంటువు’ రెండో ముద్రణ తెరిచాను. మదనపల్లె నుంచి కుప్పం దాకా ప్రతి పిల్లవాడి సంచిలో ఉండేది అదే కదా. అందులో బోర్డర్ ఉంది. దాని తర్వాత నేరుగా బోర్ ఉంది. మధ్యలో ఉండాల్సిన బోర్డర్‌లెస్ లేదు. హోమ్‌లెస్‌కు చోటిచ్చారు, యూజ్‌లెస్‌కు చోటిచ్చారు. ఈ మాట ఒక్కటి మీకేం ద్రోహం చేసింది? ఇది మరుపు కాదు, కుట్ర. మూడో ముద్రణ అచ్చులో ఉందని తెలిసింది. మాటను చేర్చండి. లేదంటే ‘సూటిమాట’ సంపాదకీయం మీ మీదే.

ఉద్యమాభివందనాలతో,
రవిశంకర్

తా.క.: ప్రతి మాట కిందా ఒక వాడుక వాక్యం వేసి, పక్కన ‘సాక్షి 6’, ‘సాక్షి 11’ అని నంబర్లు వేశారు. పోలీసు కేసులా ఉంది. అయితే ‘సాక్షి 14’ అని ఉన్న వాక్యాలు మాత్రం నిప్పులు. ఆయనెవరు?


కుప్పం
16-1-2002

‘సూటిమాట’ సంపాదకులు రవిశంకర్ గారికి ఓబులప్ప నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమంగా కోప్పడుతున్నారని తలుస్తాను. నన్ను దొంగ అన్న మొదటి మనిషి మీరు కాదు. హైస్కూల్లో ముప్పై మూడేళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, మార్కులు దొంగిలించానని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అనేవారు.

నా పద్ధతి చెబుతాను. ఒక్కో మాటకు ఒక్కో అట్టముక్క పెట్టుకుంటాను. ఆ మాటతో మన సీమ మనిషి ఒకరు, తాను కళ్లారా చూసిన నిజాన్ని వాక్యంగా చెప్పేదాకా దాన్ని పుస్తకంలో ఎక్కించను. వేరే నిఘంటువుల్లో వాక్యాలన్నీ లండను మంచు గురించీ, రైల్వే స్టేషన్లో గొడుగు మరిచిపోయిన దొరల గురించీ ఉంటాయి. మన పిల్లలకు ఆ గొడుగుతో ఏం పని? అందుకని ఊరూరా సాక్షులను పెట్టుకున్నాను. ఇప్పటికి ఇరవై ఇద్దరు. వాళ్లు వాక్యాలు పంపిస్తారు, నేను అట్టముక్కలు నింపుతాను.

బోర్డర్‌లెస్ అట్టముక్క పదకొండేళ్లుగా నా పెట్టెలో ఖాళీగా ఉంది. పేపర్లలో ఆ మాట మొదటిసారి చూసిన రోజే రాసి పెట్టాను. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్నాను, వాక్యం దొరకకపోతుందా అనుకున్నాను. మా పక్కూరి మునెప్ప మేకలు పొద్దున తమిళనాడులో మేస్తాయి, మధ్యాహ్నం కర్ణాటకలో నీళ్లు తాగుతాయి, సాయంత్రం ఆంధ్రాకొచ్చి పడుకుంటాయి. దొరికింది వాక్యం అని అట్టముక్క జేబులో పెట్టుకుని పోయాను.

మునెప్ప అన్నాడు గదా, “యాల సామీ ఈ ఆశ! నా మేకలకు గీత తెల్దు. గీతకు నా మేకలు బాగా తెల్సు. మూడు పక్కలా ఫారెస్టోళ్లు కట్టె పట్టుకోని ఉండారు.”

అట్టముక్క ఖాళీగానే తిరిగొచ్చింది.

అర్థం విషయంలో కూడా ఒక తిరకాసు ఉంది. బౌండ్‌లెస్ అంటే అంతు లేనిది: ఆకాశం. లిమిట్‌లెస్ అంటే మోతాదు లేనిది: ఎన్నికల హామీ. బోర్డర్‌లెస్ వేరు. దానికి ఇటుపక్క ఒకరు, అటుపక్క ఒకరు ఉండాలి. ఇద్దరి మధ్యా గీత ఉంటుందని లోకమంతా అనుకునే చోట, గీత ఉండకూడదు. ఒక్కరే ఉన్న చోట ఆ మాటకు పనే లేదు. అందుకే దొరకడం కష్టం.

ప్రస్తుతానికి దొరికిన వాడుక ఒక్కటే. మా బజారులో ప్రతాప్ ఫోటో స్టూడియో ముందు ‘బోర్డర్‌లెస్ ప్రింట్లు తీయబడును’ అని బోర్డుంది. అంటే చుట్టూ తెల్ల అంచు లేకుండా తీసే ఫోటో. మీరు తొందర పెడితే ఆ అర్థం ఒక్కటి వేసేస్తాను.

ఇట్లు,
ఓబులప్ప

తా.క.: సాక్షుల పేర్లు చెప్పడం మా ఒప్పందంలో లేదు. ఊరు చెప్పొచ్చు. సాక్షి 14ది మదనపల్లె.


మదనపల్లె
22-1-2002

ఓబులప్ప గారికి,

ఫోటో స్టూడియోనా!

మానవజాతి వేల ఏళ్లుగా కంటున్న కలను తీసుకెళ్లి ప్రతాప్ స్టూడియోలో డార్క్‌రూములో ఆరబెడతారా? గీతలు గీసేది పాలకవర్గం, వాటిని చెరపాల్సింది మనం. మీరు చెరపకపోగా, గీత చెరిగిన చోటు చూపిస్తే తప్ప నమ్మనంటారు. ఇది బడిపంతులు బుద్ధి.

పోనీ, మీ దారికే వస్తాను. హార్స్లీ హిల్స్ మీద పొగమంచు బోర్డర్‌లెస్ అని రాద్దామనుకున్నాను. వద్దులెండి, అటుపక్క ఎవరున్నారని అడుగుతారు. వాక్యం కావాలి, అంతే కదా? రాసుకోండి:

‘రవిశంకర్ ఇల్లు బోర్డర్‌లెస్.’

ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం మా హాల్లో మీటింగు జరుగుతుంది. పదిహేను మంది వస్తారు. ఏ కులమని అడగం, ఏ మతమని అడగం. పెద్దమండ్యం నుంచి వచ్చే కూలీ పక్కన డాక్టరు కూర్చుంటాడు. అందరికీ ఒకే రకం గ్లాసు, ఒకే టీ. చెప్పులు బయట వదలమని కూడా అనం. ఇంతకంటే బోర్డర్‌లెస్ ఇల్లు ఈ జిల్లాలో ఉంటే చూపించండి, సంపాదకత్వం వదిలేస్తాను.

కుప్పమ్మ ‘ఎవురింట్లో ఉండాది’ అని అడిగింది కదా, మేడే రోజు మీ పుస్తకం తెరిచి, మా ఇంట్లో ఉందని చదివి వినిపిస్తాను. అచ్చు ఆపండి.

ఉద్యమాభివందనాలతో,
రవిశంకర్

తా.క.: సాక్షి 14 మా ఊరివాడేనా! ఇన్నాళ్లూ నాకు కనపడకుండా ఎలా తప్పించుకున్నాడు? ఆయన వాక్యాలన్నీ ఏరి పెట్టుకున్నాను. ‘ఆడియన్స్’ కింద చూడండి: ‘ఇరవై ఏళ్ల ఆడియన్స్‌కు ఇంతవరకు కుర్చీ లేదు.’ రాయలసీమకు జరిగిన అన్యాయాన్ని ఇంత క్లుప్తంగా చెప్పినవాడు లేడు! ‘కర్టెన్’ కింద: ‘కర్టెన్‌కు అవతల పెద్ద మాటలు, ఇవతల మరిగే నీళ్లు.’ అగ్రరాజ్యాలు అవతల, పేద దేశాలు ఇవతల. ‘ఇంటరప్ట్’ కింద: ‘మా ఇంట్లో పెద్దలను ఇంటరప్ట్ చేయగలిగింది కుక్కర్ ఒక్కటే.’ ఇక్కడ కుక్కర్ అంటే ఫ్యాక్టరీ సైరను, కార్మికవర్గ గర్జన. మొన్న ఆదివారం మీటింగులో ఇవన్నీ చదివి విడమరిచి చెప్పాను. మా ఇంట్లో ఆమె టీ ఇస్తూ కర్టెన్ దగ్గర నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రాజకీయం ఆమెకు పట్టదు, పాపం. అన్నట్టు మీ కుప్పం ఆడపడుచే.


కుప్పం
1-2-2002

రవిశంకర్ గారికి ఓబులప్ప నమస్కారాలు.

మీ వాక్యం అందింది. పదునుగా ఉంది. కానీ ఎక్కించడానికి వీల్లేదు. ఇంటి యజమాని తన ఇంటికి సాక్షి కాలేడు. బోర్డర్‌లెస్ అని హాల్లో కూర్చున్నవాళ్లు చెబితే చాలదు, అటుపక్క ఉన్నవాళ్లు చెప్పాలి. లారీ ఆగిందా లేదా అని చెక్‌పోస్టు వాణ్ణి అడిగి ఏం లాభం? లారీ డ్రైవర్ను అడగాలి.

కొన్ని ప్రశ్నలు. కోప్పడకుండా జవాబు రాయండి. మీ హాలుకూ వంటింటికీ మధ్య ఏముంది? హాల్లో కుర్చీలెన్ని? ఆదివారం టీ ఎక్కడిదాకా వస్తుంది, అక్కడినుంచి ఎవరు అందుకుంటారు?

మీరు ఇదివరకటి ఉత్తరంలో డాక్టర్ను తలుచుకున్నారు, పెద్దమండ్యం కూలీని తలుచుకున్నారు. చింతపండు అమ్మే కుప్పమ్మ పేరు కూడా గుర్తుంచుకుని రాశారు. మా ఊరి ఆడపడుచును మాత్రం ‘మా ఇంట్లో ఆమె’ అన్నారు. మా ఊళ్లో ఆడపిల్లలకు పేర్లు పెడతాం. నేను హాజరు పట్టీలో నా చేత్తో రాసిన పేర్లు అవి.

మీ పట్టుదల చూసి, సాక్షి 14కు ఉత్తరం రాశాను. ‘రవిశంకర్ గారి ఇల్లు బోర్డర్‌లెస్ అవునో కాదో చూసి ఒక వాక్యం పంపవలసింది’ అని. వాక్యం రాగానే అదే వేస్తాను, ఎలా ఉంటే అలా. ఈ లోపల పుంగనూరులో మా ప్రెస్సు ముద్దుకృష్ణ మొత్తుకుంటున్నాడు, “సార్, బి దగ్గర ఆగిపోయినాం, జెడ్ దాకా ఎప్పుడు పోయేది?” అని.

ఇట్లు,
ఓబులప్ప

తా.క.: మీరు సాక్షి 14ను ‘ఆయన’ అంటున్నారు. నా పుస్తకంలో సర్వనామాల పేజీ ఇంకా అచ్చు కాలేదు కాబట్టి దిద్దడం లేదు.


మదనపల్లె
26-2-2002

ఓబులప్ప గారికి,

మీ ప్రశ్నలు పోలీసు స్టేషన్లో అడిగేలా ఉన్నాయి. అయినా జవాబిస్తున్నాను, దాచడానికి నాకేమీ లేదు. హాలుకూ వంటింటికీ మధ్య ఉన్నది కర్టెన్. అది సరిహద్దు కాదు, ఈగల కోసం. కుర్చీలు పదహారు: వచ్చేవాళ్లకు పదిహేను, నాకొకటి. టీ కర్టెన్ దాకా వస్తుంది, చివర కూర్చున్నవాడు అందుకుంటాడు. ఇందులో మీకేం కనిపించిందో నాకు అంతుబట్టలేదు.

ఇక సాక్షి 14 సంగతి. ఈ మూడు వారాలూ ఆయన కోసం కిటికీ దగ్గరే కూర్చున్నాను. పోయిన మంగళవారం ఒకతను గేటు తీసుకుని వచ్చాడు. గోడల వైపు చూశాడు. నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నాడు. వచ్చాడు మహానుభావుడు అనుకున్నాను! చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను. మా ఇంట్లో కులం లేదన్నాను, మతం లేదన్నాను. ఆయన “సరే సార్” అన్నాడు. ప్రతి గది తిప్పి చూపించాను. నాలుగు సార్లు టీ ఇప్పించాను. ప్రపంచీకరణ గురించి రెండు గంటలు మాట్లాడాను. ఎంత వినయం! ఒక్క ముక్క ఎదురు చెప్పలేదు. చివరికి చేతులు జోడించి, “సార్, నేను కరెంటు మీటర్లు సూసే సుబ్బయ్యను. ఇంకా ఇరవై ఇండ్లు ఉండాయి. దండం పెడతా, ఇడిసిపెట్టండి” అన్నాడు.

నవ్వకండి. సుబ్బయ్య కూడా శ్రామికుడే. ఆ రెండు గంటలు వృథా కాలేదు.

మా ఆమె గ్లాసులు తీస్తూ, “యాల అట్ల వీధి సూస్తాండారు? రావాల్సినోళ్లు ఎప్పుడో లోపలికొచ్చేసినారేమో” అంది. ఆమె అమాయకత్వం చూస్తే జాలేసింది.

సాక్షి 14కు చెప్పండి, ఏ ఆదివారమైనా రావచ్చు. పదిహేడో కుర్చీ అద్దెకు తెప్పిస్తాను.

ఉద్యమాభివందనాలతో,
రవిశంకర్

తా.క.: కుప్పంలో నాకు తెలిసినవాళ్లెవరూ లేరనుకున్నాను. మీరు ఆడపిల్లలకు కూడా చదువు చెప్పారా? మా ఆమె ఏదో పదో తరగతి అన్నట్టు గుర్తు. ఎవరి దగ్గర చదివిందో ఎప్పుడూ అడగలేదు.


కుప్పం
5-3-2002

రవిశంకర్ గారికి ఓబులప్ప వ్రాయునది.

సాక్షి 14 మీ ఇల్లు చూడడం అయిపోయింది. వాక్యం వచ్చింది. పదకొండేళ్ల తర్వాత నా అట్టముక్క నిండింది. ఇటుపక్క, అటుపక్క, మధ్యలో లేని గీత, అన్నీ ఉన్నాయి. నేను ఒక్క అక్షరం మార్చడానికి లేదు. ఇది మొదటి అర్థం కింద వస్తుంది, ప్రతాప్ స్టూడియో రెండో అర్థం కింద. ముద్దుకృష్ణకు పంపేశాను, టైపు కూర్చుతున్నాడు.

మామూలుగా సాక్షులు పంపిన కాగితాలు ఎవరికీ చూపను. దీన్ని మీకు పంపమని సాక్షే కోరారు. ఇందులో పెడుతున్నాను. చదివి జాగ్రత్తగా తిరిగి పంపగలరు.

ఇట్లు,
ఓబులప్ప

తా.క.: మీ పేరుతో వాక్యం పడుతుందని బెంగ వద్దు. ఇల్లు ఎవరిదో అందులో రాయలేదు. ఎవరిదైనా కావచ్చు. నాది కూడా కావచ్చునని మా ఇల్లాలు నారాయణమ్మ అంటోంది. కాదని చెబుదామని నోరు తెరిచాను, వంటింట్లోంచి “రెండు చెంబులు నీళ్లు పట్టుకోని రాండి, ఆ తర్వాత వాదిద్దురు” అంది. నలభై ఏళ్లలో మా వంటింట్లో నీళ్ల బిందె ఎక్కడుంటుందో నాకు తెలియదని నిన్న తెలిసింది.

(జతపరిచిన కాగితం)

బోర్డర్‌లెస్: మా ఇంట్లో టీ వాసన బోర్డర్‌లెస్. టీ పెట్టే మనిషి కాదు.
సాక్షి 14


మదనపల్లె
11-3-2002

పూజ్యులు ఓబులప్ప గారికి,

ఉద్యమాభివందనాలు రాయడానికి చెయ్యి రావడం లేదు.

కాగితం తెరిచాను. వాక్యం చదవలేదు, ముందు అక్షరాలు చూశాను. ఆ ‘ట’ నాకు తెలుసు. తల మీద చిన్న కొక్కెం ఉన్న ఆ ‘ట’ను ఇరవై ఏళ్లుగా ప్రతి నెలా చూస్తున్నాను. ‘సూటిమాట’ చందాదారుల చిరునామాలు రాసేది ఆమె. నెలకు నాలుగు వందల అరవై కట్టలు. పోస్టాఫీసుకు మోసుకెళ్లేదీ ఆమే. ఆ కట్టల మధ్యలో మీకు రాసిన ఉత్తరం కూడా వెళుతుండేదని ఇప్పుడు అర్థమైంది.

అప్పుడు చదివాను వాక్యాన్ని.

అయ్యా, నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది, కోపంతో ఏం చేయాలో నాకు తెలుసు. సిగ్గుతో ఏం చేయాలో ఎప్పుడూ నేర్చుకోలేదు. మీ పుస్తకం తెరిచి పద్నాలుగో నంబరు వాక్యాలన్నీ మళ్లీ చదివాను. రాయలసీమ లేదు అందులో. అగ్రరాజ్యం లేదు. ఫ్యాక్టరీ సైరను లేదు. మా కుక్కర్ ఉంది. మా కర్టెన్ ఉంది. కుర్చీ లేని ఆడియన్స్ ఎవరో తెలిసింది. ఆమె వాక్యాలకు ఆమె ఎదుటే నేను వ్యాఖ్యానం చెప్పాను, ఆమె టీ ఇస్తూ నిలబడి ఉండగా. ఆమె నవ్వింది కదా, ఆ నవ్వు నా చెవుల్లోంచి పోవడం లేదు.

సాక్షి కోసం మూడు వారాలు వీధి చూశాను, కర్టెన్‌కు వీపు పెట్టి.

మీరు అడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఆమె పేరు యమున. మీకు తెలుసు. మీ హాజరు పట్టీలో ఉంది. నా ఎనిమిది వ్యాస సంపుటాల్లో లేదు. అన్నిటికీ కృతజ్ఞతలు రాశాను, ప్రెస్సు వాళ్లకు రాశాను, కాగితం కొట్టు వాళ్లకు కూడా రాశాను.

ఒక వేడుకోలు. ఆ వాక్యాన్ని అచ్చు వేయకండి. ఇల్లు ఎవరిదో లోకానికి తెలియదన్నారు. పదిహేను మందికి తెలుస్తుంది. వాళ్లు ఆ టీ తాగారు.

రెండు రోజులుగా ఆమెతో మాట్లాడాలని చూస్తున్నాను. కర్టెన్ దాకా పోతాను. “ఏం కావాల?” అంటుంది. “ఏం లేదు” అని వచ్చేస్తాను. వేల మంది ముందు గొంతు చించుకున్నవాణ్ణి, పది అడుగుల దూరంలో ఉన్న మనిషితో మాట్లాడలేకపోతున్నాను. అందుకని సాక్షి 14 పేరిట క్షమాపణ రాసి, ఇందులో పెడుతున్నాను. దయచేసి మీరు ఆమెకు పోస్టు చేయండి.

ఇట్లు,
సిగ్గుతో,
రవిశంకర్

తా.క.: పైన రాసిన వేడుకోలు కొట్టేస్తున్నాను. వాక్యం వేయండి. వేయకపోతే పాలకవర్గం చేసే పనే నేనూ చేసినట్టు.

ఇంకొక తా.క.: నంబరు తీసేసి పేరు వేయగలరేమో ఆమెను అడగండి. నేను అడగాల్సిన మాటే. ధైర్యం చాలలేదు.


మదనపల్లె
24-3-2002

ఏమండీ,

పెళ్లయినప్పటి నుంచి మీకు నేను వాడే సంబోధన ఇది. ఇందులో మీ పేరు లేదు. మీరు పిలిచేదాంట్లో నా పేరు లేదు. ఇన్నాళ్లు అలా సరిపెట్టుకున్నాం.

మీ క్షమాపణ చేరింది. ఈ గదిలో రాసింది, పుంగనూరు మీదుగా బస్సెక్కి నూరు కిలోమీటర్లకు పైగా పోయి, కుప్పం చూసి, మళ్లీ పుంగనూరు మీదుగా ఈ గదికే వచ్చింది. పోస్టుమాన్ గేటు దగ్గర ఇస్తే మీరే అందుకున్నారు. మీరే కర్టెన్ సందులోంచి చెయ్యి పెట్టి నాకిచ్చారు. ఇచ్చి పరుగెత్తారు. చెప్పులు ఇంట్లోనే మరిచిపోయారు.

అందులో నాలుగు పేజీలున్నాయి. మూడు పేజీలు పితృస్వామ్యం మీద ఉన్నాయి. నా గురించి ఉన్నది నాలుగో పేజీలో చివరి అయిదు లైన్లు. ఆ అయిదు లైన్లూ బాగున్నాయి. వాటిని దాచుకున్నాను. మిగతాది ఎడిట్ చేశాను.

మీరు తెలియక చేశారని నాకు తెలుసు. అందుకే కోపం ఎక్కువ. తెలిసి చేస్తే పోట్లాడేదాన్ని. నేను ఓబులప్ప సారు దగ్గర ఇంగ్లీషు పేపర్లో స్కూలు ఫస్టు. పెళ్లయి ఈడికొచ్చినాక, మాటలు మరిచిపోతానేమోనని భయపడి సారుకు వాక్యాలు పంపడం మొదలుపెట్టాను. హాల్లో మాట్లాడే వీలు లేదు. మాటలు యాడన్నా పెట్టుకోవాల గదా, నిఘంటువులో పెట్టుకున్నాను.

మీకు తెలియంది ఇంకొకటుంది. కుప్పమ్మ పుంగనూరు నుంచి చింతపండు తీసుకొచ్చి ఇచ్చేది మన ఇంటికే, పన్నెండేళ్లుగా. దొడ్డి వాకిట్లోకి వస్తుంది కాబట్టి మీరు చూడలేదు. జనవరిలో మీ సభ ఉందని తెలిసి ఆమెను అడిగాను: “అవ్వా, నాకు ఆడ కూర్చోను కుర్చీ లేదు. నువ్వెట్లాగూ నేల మీదనే కూర్చుంటావు. సారు బోర్డర్‌లెస్ అని ఒక మాట అంటాడు, రెండు నెలలుగా అద్దం ముందర అదే పాఠం. అన్నప్పుడు లేసి ఇది అడుగు.”

“ఏమని అడగాల్నమ్మా?”

“అది ఎవురింట్లో ఉండాదో అడుగు.”

“అంతేనా? అది నేనే అడుగుదును గదా!” అంది అవ్వ.

అట్లా అడిగింది. ప్రశ్న నాది. వాక్యం నాది. మధ్యలో మీ కోపం ఒక్కటి మీది.

నిఘంటువులో నంబరు తీసి పేరు వేయమని సారుకు నేనే రాశాను. ముద్దుకృష్ణ టైపు మార్చాడు. ఇక మిగిలినవి మీతో తేల్చుకోవాల్సినవి. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, మీ టీ గ్లాసు కింద పెడుతున్నాను. టీ వాసన ముందు వస్తుంది, ఉత్తరం తర్వాత కనిపిస్తుంది. నా డిమాండ్లు:

1. కర్టెన్ తీసేశాను. మళ్లీ వేయకూడదు. ఈగలొస్తే సంపాదకులే తోలాలి.

2. నాకొక కుర్చీ కావాలి. అద్దెది వద్దు. గోడ పక్కన వద్దు, వరసలో వేయాలి.

3. ఆదివారం టీ వంతుల ప్రకారం పెట్టాలి. మొదటి వంతు మీది. చక్కెర డబ్బా యాడుండాదని నన్ను అడగకూడదు.

4. చిరునామాల కట్టలు ఇద్దరం రాయాలి. సగం మీరు, సగం నేను.

5. ‘సూటిమాట’ మీద నా పేరు వేయాలి. కృతజ్ఞతల్లో కాదు, మొదటి పేజీలో, మీ పేరు సైజులోనే.

6. మేడే సభలో కుప్పమ్మకు జవాబు నేను చెబుతాను. ఆమెకు కూడా కుర్చీ వేయాలి.

7. కుప్పమ్మ ఇకమీదట ముందు వాకిట్లోంచే వస్తుంది.

8. ఈ విషయం మీద మీరు సంపాదకీయం రాయకూడదు.

9. దీనికి జవాబు కుప్పం మీదుగా పంపకూడదు. నేను వంటింట్లో ఉండాను. లేసి వచ్చి, పేరు పెట్టి పిలిచి, నోటితో చెప్పాలి.

ఇట్లు,
యమున